పసుపు కొవ్వు

లారీ డ్రైవర్‌ని అన్న మొదట చెంప మీద కొట్టాడు. డ్రైవర్ టోపీ ఎగిరి కాలవలో పడింది. రెండో దెబ్బ పిడికిలితో పడింది. డ్రైవర్ లారీ వెనక తలుపుకి ఆనుకుని కిందికి జారాడు. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది. అన్న వంగి, కాలర్ పట్టుకుని అతన్ని మళ్ళీ నిలబెట్టాడు. మూడో దెబ్బకి చెయ్యి లేపాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తున్న తమ్ముడికి ఆ దృశ్యం కొత్త. అన్న చెయ్యి పైకి లేచాక ఎవరి మీదో ఒకరి మీద పడకుండా కిందికి దిగడం అతను ఎరగడు.

తప్పు డ్రైవర్‌దే. దారిలో లారీలో చల్లబరిచే యంత్రం ఆపేసి డీజిల్ మిగుల్చుకున్నాడు. లోపల వేలాడుతున్న మాంసం అంచులు నల్లబడి వాసన కొడుతున్నాయి. "ఎండ ఎక్కువగా ఉందన్నా, నేనేం చేసేది" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఒక్క దెబ్బతో పోయేది.

"వదిలెయ్ అన్నా. చచ్చి ఊరుకుంటాడు," అన్నాడు తమ్ముడు.

అన్న వదిలేశాడు. తమ్ముడికి భయం వేసింది అప్పుడే. వదలమంటే వదిలే మనిషి కాదు. డ్రైవర్ టోపీ కూడా తీసుకోకుండా లారీ ఎక్కి పోయాడు. అన్న గోడ పట్టుకుని, ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. గ్యాస్."

నాన్న కూడా గ్యాసే అన్నాడు. దిమ్మ ముందు నిలబడి, చేతిలో కత్తి ఉండగా, "గ్యాస్‌రా" అని తమ్ముడితోనే అన్నాడు. ఆ తరవాత నేల మీద ఉన్నాడు. అప్పుడు నాన్నకి యాభై రెండు. అన్నకి వచ్చే ఏడు యాభై రెండు.

*

వీధిలో అన్నని గొడ్డలి అంటారు. అతను వినేంత దగ్గర్లో ఎవరూ అనరు. కొట్టు నాన్న పెట్టింది. పశువుల మాంసం అమ్ముతారు. ముందు గదిలో దిమ్మ, త్రాసు, గాజు అలమర. వెనక చల్లగది. అందులో పైన ఇనప పట్టా, పట్టాకి కొక్కేలు, కొక్కేలకి రెండుగా చీల్చిన పశువులు.

నాన్న రెండు కట్టుబాట్లు పెట్టి పోయాడు. కత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతికి ఇవ్వకూడదు. దిమ్మ మీద పెట్టాలి, కావలసినవాడు అక్కణ్ణించి తీసుకోవాలి. ఇది చాలా కొట్లలో ఉంది. రెండోది ఈ కొట్టులోనే ఉంది: తన్నుకోవాలనుకుంటే ముందు ఇద్దరూ కత్తులు దిమ్మ మీద పెట్టాలి. నాన్నకి తన కొడుకుల సంగతి తెలుసు.

కొవ్వుని చూడటం కూడా నాన్నే నేర్పాడు. బయట తిరిగి పచ్చగడ్డి మేసిన పశువు కొవ్వు పసుపుగా ఉంటుంది. కొట్టంలో కట్టేసి దాణా పెట్టినదాని కొవ్వు తెల్లగా ఉంటుంది. గడ్డిలో ఉన్న రంగే కొవ్వులోకి దిగుతుంది. అన్నకి తెల్లకొవ్వు అంటే పడదు. నచ్చని మనుషుల్ని కూడా ఆ మాటతోనే తిట్టేవాడు. బ్యాంకు మేనేజరు తెల్లకొవ్వు. బావమరిది తెల్లకొవ్వు. తమ్ముడు వారానికి నాలుగు రోజులు తెల్లకొవ్వు.

గోడ పట్టుకున్న మర్నాడు వదిన అన్నని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. కొట్టులో గల్లా దగ్గర కూర్చునేది ఆమే. అన్న ముందు గొంతు పెంచి మాట్లాడే ధైర్యం వీధి మొత్తం మీద ఆమెకి ఒక్కదానికే ఉంది. డాక్టరు ఈసీజీ తీయించాడు, నెత్తురు పరీక్ష చేయించాడు. గుండెకి ఇంకా దెబ్బ తగల్లేదు, కొలెస్ట్రాల్ మాత్రం బాగా ఎక్కువగా ఉంది, మాత్రలు మొదలుపెట్టమన్నాడు. అన్న ఆ మాత్రల అట్టని బల్ల మీది నుంచి డాక్టరు ఒళ్ళోకి విసిరాడు.

"మాత్ర మింగితే రోగినే అయిపోతా," అన్నాడు ఇంటికొచ్చాక.

"కాకపోతే ఏమిటి, పెళ్ళికొడుకువా?" అంది వదిన.

అన్న కుర్చీని తన్నాడు. కుర్చీ కాలు విరిగింది. వదిన ఆ కాలు ఏరి పక్కన పెట్టి, "ఇది కూడా నువ్వే అతికించు" అంది.

ఆస్పత్రి గోడ మీద అతికించిన కాగితం ఒకటి ఆమె చూసి వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్ళు కావాలి. రొట్టె మీద రాసుకునే స్ప్రెడ్ ఇస్తారు, రోజూ తినాలి, అప్పుడప్పుడు నెత్తురు ఇవ్వాలి.

"సూది మందు కాదు, మాత్ర కాదు. వెన్నలాంటిదే," అంది.

"వెన్న తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందా? నేనెవణ్ణనుకుంటున్నావే?"

"తిండి దగ్గర నువ్వెవరో నాకు తెలుసు. తినడమేగా, చేతకాదా?"

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. "వీడు తింటే నేను తింటా. వీడు మాత్రం నాన్న కొడుకు కాడా?"

తమ్ముడు కూడా నెత్తురు చూపించుకున్నాడు. అతనిదీ ఎక్కువగానే ఉంది. అన్నది ఉన్నంత లేదు, ఉండాల్సినంత కంటే మాత్రం ఎక్కువే.

*

ఆ పరిశోధన నడిపే డాక్టరమ్మ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పింది. సగం మందికి ఇచ్చే డబ్బాలో మొక్కల నుంచి తీసిన స్టెరాల్ అనే పదార్థం కలిపి ఉంటుంది. అది పేగులో కొలెస్ట్రాల్‌కి అడ్డం పడుతుంది. మిగతా సగానికి ఉత్త స్ప్రెడ్. రుచిలో తేడా ఉండదు. డబ్బాలు ఒకటే, మూతల రంగే వేరు. ఏ రంగు ఏదో ఆఖరి దాకా ఆవిడకి కూడా తెలియదు.

"మిగతా తిండి మార్చకండి. ఇన్నాళ్ళూ ఏం తిన్నారో అదే తినండి."

"మాంసం," అన్నాడు అన్న.

"కూరగాయలు?"

"వాటిని మా సరుకు తింటుంది. మేం మా సరుకుని తింటాం."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒకే ఇంట్లోవాళ్ళకి ఒకే రంగు మూత ఇస్తాం, డబ్బాలు కలిసిపోకూడదని. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"వాడి గుమ్మం వేరు, నా గుమ్మం వేరు," అన్నాడు అన్న.

అది నిజమే. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరూ పొద్దున పూట తినేది కొట్టులో, దిమ్మ దగ్గర నిలబడి, ఒకే రొట్టె కోసుకుని. ఎక్కడ తింటారని ఆవిడ అడగలేదు. అడగనిది చెప్పాలని వీళ్ళకి తోచలేదు. అన్నకి నీలం మూత వచ్చింది, తమ్ముడికి బూడిద రంగుది.

నర్సు నెత్తురు తీసి గొట్టాలకి వెండి రంగు కాగితం చుట్టింది.

"నా నెత్తురికి ఎండదెబ్బ తగులుతుందా ఏమిటి?" అన్నాడు అన్న.

"కెరోటిన్ చూడాలండి. వెలుతురు తగిలితే పాడైపోతుంది."

"ఏం టిన్?"

"క్యారెట్‌కి రంగు ఇచ్చేది. పచ్చగడ్డిలో, ఆకుల్లో, మీ ఒంట్లో కూడా ఉంటుంది."

"నా ఒంట్లో క్యారెట్ ఉందట విన్నావురా," అని అన్న తమ్ముడి వీపు మీద చరిచాడు. చరుపుకి తమ్ముడి దవడలు టక్కుమన్నాయి.

*

పరిశోధన సగంలో ఉండగా ఆస్పత్రిలో మళ్ళీ నెత్తురు తీశారు, ఫలితం చెప్పలేదు. తమ్ముడికి ఆగబుద్ధి కాలేదు. వీధి చివరి ల్యాబ్‌లో విడిగా పరీక్ష చేయించుకున్నాడు. బరువు చూపించుకుందామని అన్నని కూడా తీసుకుపోయి, పనిలో పనిగా అతని నెత్తురూ ఇప్పించాడు.

తమ్ముడి కొలెస్ట్రాల్ తగ్గింది. అన్నది ఎక్కడిదక్కడే ఉంది.

మర్నాడు పొద్దున అన్న షట్టర్ ఎత్తే లోపల తమ్ముడు చల్లగదిలోకి వెళ్ళి రెండు డబ్బాల మూతలూ మార్చాడు. అంతకంటే పనేమీ లేదు. కొక్కేనికి వేలాడుతున్న సగం పశువు చల్లగా అతని భుజానికి తగులుతోంది. బయటికి వచ్చి రొట్టె కోశాడు. నీలం మూత తీసి అన్న తన ముక్కకి దట్టంగా పూసుకున్నాడు, తమ్ముడు బూడిద మూత తీసి తన ముక్కకి పూసుకున్నాడు. ఆ తరవాత కొత్త డబ్బాలు వచ్చినప్పుడల్లా అదే పని చేశాడు.

తను తింటున్నది ఉత్తదని అతనికి తెలుసు. ఆ సంగతి గురించి పెద్దగా ఆలోచించలేదు. తను ఇంకా చిన్నవాడు. నాన్న వయసు అన్నకి దగ్గరపడుతోంది, తనకి కాదు.

ఆ నెలల్లో అన్న ఇద్దర్ని కొట్టాడు. మొదటివాడు ఎముకలు కొనే మనిషి. గల్లా దగ్గర వదినతో వెకిలిగా మాట్లాడాడు. అన్న అతని తలని షట్టర్‌కి వేసి గుద్దాడు. షట్టర్ సొట్ట పోయింది. మనిషికి నుదురు చీలింది, కళ్ళలోకి నెత్తురు దిగి దారి కనబడక చేతులు చాచుకుంటూ రోడ్డు మీదికి నడిచాడు. రెండోవాడు పక్క వీధి కొట్టువాడు. వీళ్ళది చచ్చిన పశువుల మాంసమని ప్రచారం చేశాడు. అన్న అతని కొట్టుకే వెళ్ళి, అతని దిమ్మ మీదే అతని చెయ్యి పెట్టి, కత్తి వెనక వైపుతో వేళ్ళ మీద కొట్టాడు. రెండు వేళ్ళు విరిగాయి. ఊళ్ళో పెద్దమనుషులు వచ్చి మాట్లాడి సర్దారు.

రెండుసార్లూ తమ్ముడు అన్న చేతి వైపే చూశాడు. చెయ్యి గాల్లో ఆగలేదు. ఛాతీ మీదికి పోలేదు. రెండుసార్లూ అన్న మొదలుపెట్టింది పూర్తి చేసి, చేతులు కడుక్కుని, రొట్టె తిన్నాడు. వదిన గల్లా మీద తల పట్టుకుని కూర్చుంటే తమ్ముడు లోలోపల సంతోషించాడు. మందు పనిచేస్తోంది అనుకున్నాడు.

*

పరిశోధన అయిపోయాక డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించింది. ఈసారి తలుపు వేసి కూర్చోబెట్టింది. ఎదర రెండు కాగితాలు, వాటి మీద రెండు గీతలు.

"ఇది మీది," అంది తమ్ముడితో. "మొదటి సగంలో కొలెస్ట్రాల్ తగ్గింది. దాంతోపాటు కెరోటిన్ తగ్గింది. రెండో సగంలో రెండూ పెరిగాయి. కొలెస్ట్రాల్ అయితే మీరు వచ్చిననాటి కంటే పైకి పోయింది." రెండో కాగితం అన్న ముందుకి జరిపింది. "ఇది మీది. మొదటి సగంలో ఏమీ కదల్లేదు. రెండో సగంలో రెండూ తగ్గాయి. స్టెరాల్ ఉన్నది బూడిద మూత డబ్బాలో. నీలం మూతది ఉత్తది. ఉత్తది తిన్న మనిషికి ఇలా జరగదు."

అన్న కాగితం వైపు చూస్తున్నాడు. "కెరోటిన్ తగ్గితే?"

"స్టెరాల్ పేగులో కొలెస్ట్రాల్‌కి అడ్డం పడుతుందని చెప్పాను కదా. కెరోటిన్ కూడా కొవ్వుతోపాటే ఒంట్లోకి వస్తుంది. దానికీ కొంత అడ్డం పడుతుంది. పైగా నెత్తురులో అది తిరిగేది కొలెస్ట్రాల్‌ని మోసే బండ్లలోనే. బండ్లు తగ్గితే ఎక్కేవి తగ్గుతాయి. విటమిన్ ఇ లాంటి మిగతా యాంటీ ఆక్సిడెంట్లు కూడా కొద్దిగా తగ్గాయి, అది చాలావరకు బండ్లు తగ్గడం వల్లే. కంగారు పడేంత ఏమీ లేదు. ఈ స్ప్రెడ్ తినేవాళ్ళు రోజూ ఇంకాస్త క్యారెట్టో గుమ్మడికాయో ఆకుకూరో తింటే సరిపోతుంది. అసలు కూరగాయలే ముట్టని మనిషికి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుంది."

"అంటే నా కొవ్వు తెల్లబడుతోంది," అన్నాడు అన్న.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. తమ్ముడికి అర్థమైంది.

"మూతలు ఎవరు మార్చారు?" అందావిడ.



"నేనే," అన్నాడు తమ్ముడు.

"మీ ఇద్దరి లెక్కలూ పక్కన పెట్టాలి. ఇంతమంది ఇన్ని నెలలు పడ్డ కష్టం మీకు ఆటగా ఉందా?" అంది ఆవిడ. ఆవిడ కోపం న్యాయమైనదే. తమ్ముడు తల దించుకుని విన్నాడు. కానీ అతని చెవులు ఆవిడ వైపు లేవు.  అన్న చెయ్యి ఎత్తలేదు, కుర్చీ తన్నలేదు. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, తనది ఒకసారి, తమ్ముడిది చాలాసేపు చూశాడు.

దారి పొడుగునా వ్యాన్ అన్నే నడిపాడు.  ఎదురుగా అడ్డం వచ్చిన స్కూటర్‌వాణ్ణి తిట్టను కూడా తిట్టలేదు. తమ్ముడు తలుపు పిడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

*

కొట్టులోకి రాగానే అన్న షట్టర్ సగం దించాడు. వదిన గల్లా దగ్గర్నించి లేచి, "ఏమందావిడ?" అంది. అన్న ఆమెని దాటి చల్లగదిలోకి పోయి, రెండు డబ్బాలూ తెచ్చి దిమ్మ మీద పెట్టాడు. ఎముకలు నరికే కత్తి తీశాడు. ఒక్కో డబ్బాకి ఒక్కో వేటు. డబ్బాలు చీలి స్ప్రెడ్ గోడ మీదికి చిందింది. నీలం మూత ముక్క ఒకటి గాజు అలమరకి కొట్టుకుని కింద పడింది.

తమ్ముడు వెనక్కి జరిగాడు. అతని చేతిలోకి ఎముక నుంచి మాంసం తీసే సన్న కత్తి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

అన్న ఆ కత్తి చూశాడు. తన కత్తి దిమ్మ మీద పెట్టాడు. "పెట్టు," అన్నాడు.

తమ్ముడు పెట్టాడు.

"లోపలికి రా."

"అన్నా, నే చెప్పేది విను. విషం పెట్టలేదు నేను. నీకు మంచి జరగాలనే..."

మొదటి దెబ్బ నోటి మీద పడింది. తమ్ముడు వీపుతో చల్లగది తలుపు తోసుకుంటూ లోపలికి పడ్డాడు. లేచే లోపల కడుపులో కాలు పడింది. నోట్లో నెత్తురు, నాలిక కింద పన్ను ముక్క. అన్న వేలాడుతున్న ఒక సగాన్ని రెండు చేతులా పట్టుకుని పట్టా మీద జర్రున తోశాడు. మనిషికి రెండింతలు బరువున్న మాంసం వచ్చి తమ్ముడి ఛాతీకి తగిలి అతన్ని గోడకి అదిమింది.

"ఎవడు అడిగాడ్రా నిన్ను?" అరిచాడు అన్న. "ఎవడు అడిగాడు?"

తమ్ముడు ఆ మాంసం పక్క నుంచి తప్పించుకోబోయి తడి నేల మీద జారాడు. పడకుండా పైకి చెయ్యి వేశాడు. చేతికి దొరికింది ఖాళీ కొక్కెం. బరువంతా దాని మీద పడింది. కొక్కెం మొన అరచేతిలో దిగి, వేళ్ళ వైపు చీల్చుకుంటూ వచ్చింది. అతను అరిచిన అరుపు బయట రోడ్డు మీదికి వినబడింది. అన్నకి మాత్రం వినబడలేదు. జుట్టు పట్టుకుని లేపి, మెడ మీద గుద్దాడు. మళ్ళీ గుద్దాడు.

"నాన్న కొడుకు నేనొక్కణ్ణేనా? ఆ? నేనొక్కణ్ణేనా?"

తమ్ముడి ఎడమ చేతికి కింద బుట్టలో తొడ ఎముక తగిలింది. దాన్ని తీసి, చూడకుండా, ఉన్న బలమంతా పెట్టి తిప్పి కొట్టాడు. అన్న పక్కటెముకల మీద పడింది. విరిగిన చప్పుడు ఇద్దరూ విన్నారు. అన్న పిడికిలి పైకి లేచింది. గాల్లో ఆగింది. ఎడమ చెయ్యి ఛాతీ మీదికి పోయింది. మోకాళ్ళ మీద కూలబడి, పక్కకి ఒరిగాడు.

"అన్నా?"

అన్న నోరు తెరిచాడు. గాలి రావడం లేదు. మొహం చెమటతో తడిసింది. నాన్న మొహం కూడా అలాగే ఉంది, దిమ్మ కింద.

అప్పుడు వాళ్ళిద్దరి మీదా నీళ్ళు పడ్డాయి. నేల కడిగే గొట్టం పట్టుకుని వదిన గుమ్మంలో నిలబడింది. "చావండి," అంటోంది. "ఇద్దరూ చావండి. పీడా పోతుంది." అంటూనే ఏడుస్తోంది. అన్న మొహం మీద నీళ్ళు పడినా అతను కళ్ళు తుడుచుకోలేదు. ఆమె గొట్టం పడేసింది.

తమ్ముడు చీలిన చేతికి గోతాం గుడ్డ చుట్టి, ఒంటి చేత్తో అన్న చంకలో పట్టుకుని ఈడ్చాడు. వదిన కాళ్ళు పట్టుకుంది. మాంసం మోసే వ్యాన్‌లో, మాంసం పడుకునే చోట అన్నని పడుకోబెట్టారు. తమ్ముడు వ్యాన్ నడిపాడు. గేరు మార్చినప్పుడల్లా గేరు కర్ర నెత్తురుకి జారింది. దారి పొడుగునా అతని నోట ఒకటే మాట: "గ్యాస్ అనకు. అన్నా, గ్యాస్ అనకు."

*

అత్యవసర గదిలో ఉన్న కుర్ర డాక్టరు ఈసీజీ తీసి రెండుసార్లు చూశాడు. ఎక్స్‌రే తీయించి లైటుకి పెట్టి చూశాడు. తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడి అరచెయ్యి ఇంకో డాక్టరు కుడుతున్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు పూర్తిగా ముడవడం ఇక కష్టమేనని అప్పుడే చెప్పాడు.

"గుండె బాగానే ఉంది," అన్నాడు కుర్ర డాక్టరు. "రెండు పక్కటెముకలు విరిగాయి. ఊపిరి పీలిస్తే నొప్పి, అందుకే అలా ఉన్నాడు. దేంతో కొట్టారు?"

"ఎముకతో," అంది వదిన.

"ఎవరి ఎముక?"

"మా కొట్టులోదే. దాన్ని ఇంకా అమ్మి డబ్బు కూడా చేసుకోలేదు." అని ఆమె బెంచీ మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

తమ్ముణ్ణి అన్న పక్క మంచం మీదే పడుకోబెట్టారు. అన్నకి ఛాతీ చుట్టూ పట్టీ, మొహం పాలిపోయింది. చిన్న గొంతుతో మొదలుపెట్టాడు అన్న. పెద్దగా మాట్లాడితే ఎముక పొడుస్తోంది. అతను అంత మెల్లగా మాట్లాడటం తమ్ముడు వినడం అదే మొదటిసారి.

"పన్ను విరిగిందా?"

"ఒకటి."

"చెయ్యి?"

"రెండు వేళ్ళు పోయినట్టే."

"కుడిదేగా."

"కుడిదే."

అన్న కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు విషం పెట్టావని కొట్టానా నిన్ను?"

"మరి?"

"నీ కాగితం చూశాన్రా. పైకి పోయింది. మొదట్లో కంటే పైకి. నా గీత కిందికి, నీ గీత పైకి. నా వాటా చావు కూడా నువ్వే తింటావా? ఎవడు చెప్పాడు నీకు? నువ్వు దిమ్మ కింద పడితే నేను ఎవరి మొహం చూసి కొట్టు తెరవను?" ఊపిరి అందక ఆగాడు. "తెల్లకొవ్వు వెధవా."

"నువ్వు మాత్ర వేసుకోనన్నావుగా" అన్నాడు తమ్ముడు.

"అన్నాను."

"అందుకే."

అన్న చెయ్యి లేచింది, కొట్టడానికే. ఎముక పొడిచి, దారిలోనే ఆగింది. "లేవనియ్ నన్ను," అన్నాడు.

*

కొట్టు మళ్ళీ తెరిచిన పొద్దున అన్న చేతిలో సంచీతో వచ్చాడు. అందులో బజారులో ఎవరైనా కొనుక్కునే స్ప్రెడ్ డబ్బా ఒకటి ఉంది, స్టెరాల్ కలిపిందే. డాక్టరు ఇచ్చిన మాత్రల అట్టలు రెండు ఉన్నాయి, రెండు పేర్లతో. కట్టగా కట్టిన క్యారెట్లు ఉన్నాయి. అన్నీ దిమ్మ మీద పెట్టాడు. ఆ దిమ్మ మీద క్యారెట్ పడటం అదే మొదలు.

పట్టీ వల్ల అన్న వంగలేడు. కట్టు వల్ల తమ్ముడు కత్తి పట్టలేడు. అన్న ఎముకల కత్తితోనే క్యారెట్‌ని టకటకా నరికాడు. ముక్కలు బొటనవేలంత లావు వచ్చాయి. రొట్టె రెండు ముక్కలు కోసి, రెంటికీ ఒకే డబ్బాలోంచి పూశాడు. ఒకటి తమ్ముడి ఎడమ చేతిలో పెట్టాడు.

"తిను."

"నువ్వు తిను ముందు."

"తింటావా, ఇంకో పన్ను రాలగొట్టమంటావా?"

తమ్ముడు కొరికాడు. పన్ను ఊడిన చోట తగిలి చురుక్కుమంది. అన్న అతని గొంతు దిగేదాకా చూశాడు. తరవాత మాత్ర. నోరు తెరిపించి నాలిక కింద దాచాడేమోనని కూడా చూశాడు. అప్పుడు తన మాత్ర తను మింగి, రొట్టె తిని, క్యారెట్ ముక్క నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి నమిలాడు.

ఆ రోజు మొదట వచ్చింది ముక్కుకి దూదితో లారీ డ్రైవర్. ఆ ముక్కు మళ్ళీ ఎవరు పగలగొట్టారో వీళ్ళు అడగలేదు. సరుకు చల్లగా ఉంది. దింపుతూ అతను దిమ్మ వైపు చూసి ఆగాడు.

"ఏంటన్నా, గడ్డి మేస్తున్నావా?"

కొట్టులో అందరూ కదలకుండా నిలబడ్డారు. వదిన చెయ్యి గొట్టం వైపు పోయింది. అన్న చేతిలో కత్తి ఉంది. దాన్ని దిమ్మ మీద పెట్టాడు. డ్రైవర్ వెనక్కి ఒక అడుగు వేశాడు, ఆ కట్టుబాటు సంగతి వీధిలో అందరికీ తెలుసు.

అన్న ఖాళీ చేత్తో ఒక క్యారెట్ ముక్క తీసి తమ్ముడి నోటి ముందు పెట్టాడు.

"వీడు మింగేదాకా ఆగు," అన్నాడు డ్రైవర్‌తో. "తరవాత నీ సంగతి చూస్తా."

తమ్ముడు ఆ ముక్కని వీలైనంత నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు. డ్రైవర్ లారీ వైపు నడిచాడు.